ఆ రాళ్ళ మీద పేరు చాలు

పోయిన నవంబరులో, బెర్లిన్‌లో ఉండే మా తెలుగువాళ్ళ గ్రూపులో ఒక ఫొటో పెట్టాను. పైన్ చెట్లు, వాటి మధ్య గడ్డి, గడ్డిలో వరసగా సమాధి రాళ్ళు. కింద "జెహ్రెన్స్‌డార్ఫ్ భారతీయ సైనిక శ్మశానం, 206 మంది" అని మాత్రం రాశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో పోరాడుతూ జర్మన్లకు పట్టుబడి, ఖైదీలుగానే పోయిన మన సిపాయిలు వాళ్ళు. కాసేపట్లోనే దండాలు, జెండాలు, "అమరవీరులకు జోహార్లు" మొదలయ్యాయి. తర్వాత ఒక పెద్దాయన, చరిత్ర బాగా చదివిన మనిషి, ఒకే ఒక్క వాక్యం రాశారు: "తెల్లవాడి జీతం తీసుకుని తెల్లవాడి యుద్ధంలో పోయినవాళ్ళు అమరవీరులు ఎట్లా అవుతారు బాబూ?" ఇక ఆ రాత్రంతా గ్రూపులో గొడవే గొడవ.

గొడవ చల్లారాక కూడా నన్నది వదల్లేదు. రెండు వైపులా నాకు ఒకే తప్పు కనిపించింది. జోహార్లు అన్నవాళ్ళకు గానీ, జీతగాళ్ళు అన్నవాళ్ళకు గానీ ఆ 206 మంది ఎవరో తెలుసుకోవాలని లేదు. ఒకరికి దేశభక్తికి సాక్షులు కావాలి, ఇంకొకరికి బానిసత్వానికి సాక్షులు కావాలి. పోయి నూరేళ్ళు దాటిన మనిషిని పట్టుకొచ్చి మన పక్షాన సాక్ష్యం చెప్పమనడం న్యాయం కాదు. ఆ సిపాయిలకు మనం బాకీ పడింది బిరుదూ కాదు, తీర్పూ కాదు. పేరు, ఊరు, రెజిమెంటు, పోయిన తేదీ. ఇవి తప్పుల్లేకుండా, ఎవరివి వాళ్ళకు విడిగా, ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. వినడానికి ఇది చాలా చిన్న కోరిక. చిన్నది కాదని చెప్పడానికే ఇంత పొడుగున రాస్తున్నాను.

మసీదు లేని మసీదు వీధి

బెర్లిన్ నుంచి దక్షిణంగా రైలెక్కితే గంటలోపే వున్స్‌డార్ఫ్ వస్తుంది. మిలిటరీ చేతుల్లో నలిగిన ఊరని చూడగానే తెలిసిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం హెడ్‌క్వార్టర్స్ బంకర్లు ఇక్కడే ఉండేవి. ఆ తర్వాత 1994 దాకా తూర్పు జర్మనీలోని సోవియట్ సేనల హెడ్‌క్వార్టర్స్ కూడా ఇక్కడే. ఖాళీ బ్యారక్‌లు, ఆఫీసర్ల భవనం ముందు ఇంకా నిలబడే ఉన్న లెనిన్ విగ్రహం. వీటన్నిటికంటే పాత కథ ఒక వీధి పేరులో మిగిలింది. ఆ వీధి పేరు మసీదు వీధి. మసీదు మాత్రం ఇప్పుడు లేదు.

1915లో జర్మనీ ఇక్కడ "అర్ధచంద్ర శిబిరం" అనే పేరుతో యుద్ధ ఖైదీల క్యాంపు నడిపింది. ఫ్రెంచి సైన్యం తరఫున పోరాడుతూ పట్టుబడ్డ ఉత్తర ఆఫ్రికా ముస్లింల కోసం ముందు ఉద్దేశించింది. భారతీయ సిపాయిలను కూడా ఇక్కడికే చేర్చింది. వాళ్ళలో ముస్లింలతో పాటు హిందువులు, సిక్కులు, గూర్ఖాలు ఉన్నారు. 1914 డిసెంబరు 20న ఫ్రాన్సులో ఫెస్టుబెర్, జివాన్షీ దగ్గర జర్మన్లు మన సిపాయిల కందకాల కింద మందుపాతరలు పేల్చి మీద పడ్డారు. ఆ రోజు దొరికిపోయినవాళ్ళు కూడా ఈ క్యాంపుకు వచ్చారు.

ఖైదీల నమాజు కోసం 1915లోనే చెక్కతో మసీదు కట్టించారు. జర్మనీ నేల మీద నమాజు కోసం కట్టిన మొదటి మసీదు అదే. యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు దాన్ని కూల్చేశారు. 2015లో శరణార్థులకు వసతి కట్టబోయే ముందు అక్కడ తవ్వితే దాని ఆనవాళ్ళు బయటపడ్డాయి.

జెహ్రెన్స్‌డార్ఫ్ ఈ పక్కనే ఉండిన చిన్న ఊరు. మిలిటరీ శిక్షణ మైదానం కోసం దాన్ని ఖాళీ చేయించారు, ఊరు పోయింది. క్యాంపులో చనిపోయినవాళ్ళను ఉంచిన చోటికి మాత్రం ఆ పేరు మిగిలింది. సోవియట్ కాలంలో ఇదంతా నిషిద్ధ ప్రాంతం. సమాధుల బాగోగులు చూసే దిక్కు లేక, కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఇక్కడివాళ్ళ పేర్లను ఫ్రాన్సులో భారతీయ సిపాయిల కోసం కట్టిన న్యూవ్ షపెల్ స్మారకం దగ్గర చెక్కించింది. రష్యన్లు వెళ్ళిపోయాక శ్మశానాన్ని మళ్ళీ బాగుచేశారు. 2005లో తిరిగి అంకితం చేశారు. అంటే కొన్ని దశాబ్దాల పాటు వీళ్ళ ఒళ్ళు ఒక దేశంలో, పేర్లు ఇంకో దేశంలో ఉన్నాయన్న మాట.

నేను వెళ్ళినప్పుడు నాతో మా ఆఫీసులో పనిచేసే ఒక కుర్రాడు వచ్చాడు. ఉత్తరాఖండ్ కొండల్లోని పౌడీ వైపు వాళ్ళది. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని వరసల మధ్య నడుస్తూ నేను పేర్లు చదువుతున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ పేర్లు నా నోట తెలుగు యాసలో ఏదోలా వస్తున్నాయి. 39వ గఢ్వాల్ రైఫిల్స్ రాయి దగ్గర ఆ కుర్రాడు ఆగి, "అలా కాదు భయ్యా" అని ఆ పేరును తమ ఊళ్ళో పిలిచే తీరులో పలికాడు. తర్వాత ఆ వరసలో ఉన్న మిగతా పేర్లు కూడా నిదానంగా, ఎవర్నో ఇంట్లోంచి బయటికి పిలుస్తున్నట్టు చదువుకుంటూ పోయాడు. సెల్యూట్ కొట్టలేదు, నినాదం ఇవ్వలేదు. ఫొటో కూడా తీసుకోలేదు. కాసేపటికి వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి ఆ ఇంటిపేరు వాళ్ళు తమకు ఏమవుతారని అడిగాడు. అవతల నుంచి వాళ్ళ నాన్న ఏవో మూడు నాలుగు ఊళ్ళ పేర్లు చెబుతుంటే ఇతను "హా, హా" అంటూ రాసుకున్నాడు.

శ్మశానానికి వెళ్ళి చేయాల్సిన పని ఇదేనని నాకు ఆ రోజే అనిపించింది. రాతి మీద పేరు లేకపోతే ఆ ఫోన్ కాల్ జరిగేది కాదు.

అందరికీ పనికొచ్చిన ఖైదీలు

వాళ్ళను మన వాదాలకు వాడుకోకూడదని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. బతికి ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు జరిగింది అదే.

జర్మనీకి వాళ్ళు ప్రచారానికి పనికొచ్చారు. 1914 నవంబరులో ఖలీఫా కూడా అయిన తుర్కీ సుల్తాను జిహాద్ ప్రకటించాక, ఇంగ్లీషువాళ్ళ, ఫ్రెంచివాళ్ళ సైన్యాల్లోని ముస్లింలను తమ వైపు తిప్పుకోవచ్చని బెర్లిన్ ఆశపడింది. మసీదు, పండగలకు సెలవులు, మతాచారాలకు తగిన తిండి, అన్నీ ఆ ఆశలోంచే వచ్చాయి. ఖైదీల చేతికి ప్రచార పత్రిక కూడా అందింది.

మన స్వాతంత్ర్యం కోసం బెర్లిన్‌లో పనిచేస్తున్నవాళ్ళకు కూడా వాళ్ళు కావలసి వచ్చారు. బెర్లిన్ కమిటీని నడిపినవాళ్ళలో ముఖ్యుడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు, హైదరాబాదులో పెరిగినవాడు. ఆ కమిటీ వాళ్ళు ఈ ఖైదీల్లో ప్రచారం చేశారు. ఇంగ్లీషువాడి మీద తిరగబడే దళం ఒకటి వీళ్ళలోంచి తయారవుతుందని ఆశపడ్డారు. ఆయన త్యాగం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఇల్లు, దేశం వదిలేసి యూరప్ అంతా తిరిగి చివరికి స్టాలిన్ కాలంలో ప్రాణం పోగొట్టుకున్న మనిషి. అయినా ఆ ఖైదీల వైపు నుంచి ఆలోచిస్తే ఒక ప్రశ్న అడగక తప్పదు. కంచె లోపల, చలిలో, దగ్గుతూ కూర్చున్న రైతుబిడ్డ ముందుకు వచ్చి "నీ దేశం కోసం మళ్ళీ తుపాకి పట్టు" అంటే, ఒప్పుకున్నా కాదన్నా ఆ జవాబును మనం స్వేచ్ఛగా ఇచ్చిన జవాబుగా తీసుకోవచ్చా?

ఇంగ్లీషువాళ్ళకు వాళ్ళు విధేయత లెక్కకు పనికొచ్చారు. పట్టుబడ్డవాడు గట్టిగా నిలబడితే "మన సిపాయి ఎంత నమ్మకస్తుడో చూడండి" అన్నారు, మారితే ద్రోహి అన్నారు.

ఇక పండితులు. వీళ్ళ కథ నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

గ్రామఫోను ముందు ఒక మనిషి

1915లో ప్రష్యా ప్రభుత్వం ఫోనోగ్రాఫ్ కమిషన్ అని ఒకటి వేసింది. సంగీత, మనోవిజ్ఞాన పండితుడు కార్ల్ స్టుంఫ్ దానికి అధ్యక్షుడు, విల్‌హెల్మ్ డోగెన్ పని నడిపించినవాడు. ప్రపంచంలోని భాషలన్నీ జర్మనీ ఖైదీల క్యాంపుల్లోనే ఉన్నాయి కాబట్టి తిరగాల్సిన పని లేకుండా ఇక్కడే రికార్డు చేసేద్దామన్నది ఆలోచన. ఒక్కో ఖైదీకి ఒక్కో ఫారం నింపారు. పేరు, పుట్టిన ఊరు, చదవడం వచ్చా, పాట వచ్చా, ఏ వాయిద్యం వాయిస్తాడు, గొంతు ఎలా ఉంది. ఏం మాట్లాడాలో ముందే ఖాయం చేసి, గ్రామఫోను గొట్టం ముందు నిలబెట్టి మాట్లాడించేవాళ్ళు. చాలామందికి బైబిల్లోని తప్పిపోయిన కుమారుని కథ ఇచ్చి వాళ్ళ వాళ్ళ భాషల్లో చెప్పించారు. ఇంటికి తిరిగి వెళ్ళిన కొడుకు కథ అది. ఇంటికి వెళ్ళలేనివాళ్ళ చేత చెప్పించారు.

ఆ రికార్డులు ఇప్పుడు బెర్లిన్‌లోని హంబోల్ట్ యూనివర్సిటీ ధ్వని భాండాగారంలో ఉన్నాయి. వాటిలో ఒకటి 1916 డిసెంబరు 11న తీసుకున్నది. పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ వైపు నుంచి వచ్చిన మాల్ సింగ్ అనే సిపాయి గొంతు. నిమిషం పైచిలుకు మాత్రమే ఉంటుంది. అతను "నేను" అని మొదలుపెట్టడు. ఒక మనిషి ఉండేవాడు, హిందుస్థాన్‌లో వెన్న తినేవాడు, పాలు తాగేవాడు అని కథ చెప్పినట్టు చెబుతాడు. ఆ మనిషి యూరప్ యుద్ధానికి వచ్చాడు, జర్మనీ అతన్ని పట్టుకుంది, అతనికి హిందుస్థాన్ వెళ్ళాలని ఉంది. మళ్ళీ వెనక్కి వెళ్తేనే అతనికి ఆ తిండి దొరుకుతుంది. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంచితే ఆ మనిషి చచ్చిపోతాడు. దేవుడి దయ వల్ల సంధి కుదిరితే వెళ్ళిపోతాడు.

మొదటిసారి విన్నప్పుడు నాకు పంజాబీ ముక్క అర్థం కాలేదు, తర్వాత అనువాదం చదువుకున్నాను. అర్థం కాకముందే ఆ గొంతులో తొందర తెలిసింది. పక్కనెవరో టైము చూస్తున్నారని తెలిసిన మనిషి మాట్లాడే తీరు అది.

ఆ నిమిషంలో ఎక్కడా రాజు లేడు, ఖలీఫా లేడు, విప్లవం లేదు. తిండి ఉంది, ఇల్లు ఉంది, చచ్చిపోతానన్న భయం ఉంది. ఈ ఒక్క గొంతును పట్టుకుని 206 మంది మనసులో ఇదే ఉందని అనేస్తే నేనూ అదే తప్పు చేసినట్టు. కొందరికి విధేయత నిజంగానే ఉండొచ్చు. రాజు ఉప్పు తిన్నాం కాబట్టి మాట తప్పకూడదన్న పట్టుదల ఆనాటి సిపాయిలు ఇళ్ళకు రాసిన ఉత్తరాల్లో కనిపిస్తుంది. కొందరికి ఇంగ్లీషువాడి మీద కోపమూ అంతే నిజంగా ఉండొచ్చు. 1915 మార్చిలో అఫ్రీదీ తెగకు చెందిన జమాదారు (సైన్యంలో చిన్న ఆఫీసరు) మీర్ మస్త్ కొందరు సిపాయిలతో కలిసి కందకం దాటి జర్మన్ల వైపు వెళ్ళిపోయాడు. అతని అన్నదమ్ముడు మీర్ దస్త్ మరుసటి నెలలో బెల్జియంలోని ఈప్రె దగ్గర చూపిన తెగువకు విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఒకే ఇంటి మనుషులు వీళ్ళు. వీళ్ళిద్దరిలో "భారతీయ సిపాయి" ఎవరని అడిగితే నేను చెప్పలేను. మాల్ సింగ్ గొంతు మనకు చెప్పేది ఒక్కటే. ఆ తెల్ల రాళ్ళ కింద ఉన్నవాళ్ళకు మనం తగిలించే పతాక శీర్షికల కంటే సొంత బెంగలు ఎక్కువ.

వాళ్ళు ఎలా పోయారో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే జోహార్ల పోస్టర్లలో ఎప్పుడూ బయొనెట్ పట్టుకుని దూకుతున్న బొమ్మ ఉంటుంది. జెహ్రెన్స్‌డార్ఫ్‌లో ఉన్నవాళ్ళు యుద్ధభూమిలో పోలేదు. పట్టుబడి, కంచె వెనక బతుకుతూ, ఎక్కువమంది జబ్బుతో పోయారు. క్షయ, ఊపిరితిత్తుల జబ్బులు. బ్రాండెన్‌బర్గ్ చలి, తేమ వాళ్ళ ఒంటికి పడలేదు. చావులు ఎంత పెరిగాయంటే 1917లో భారతీయ ఖైదీల్లో చాలామందిని వాతావరణం కాస్త నయమని రొమేనియాకు తరలించారు. మంచాన పడి దగ్గి దగ్గి పోయిన మనిషిని "శత్రువుల గుండెల్లో నిద్రపోయినవాడు" అంటే అతనికి జరిగిన దాన్ని చెరిపేసి మనకు నచ్చిన చావును అంటగట్టడమే.

"కిరాయి సిపాయిలు" అన్న మాట

ఇప్పుడు పెద్దాయన ప్రశ్న. దాన్ని తేలిగ్గా తీసేయలేను. అందులో బలం ఉంది.

ఆ సైన్యం ఎవరి కోసం పనిచేసిందో మనందరికీ తెలుసు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో ఆజ్ఞ ఇచ్చింది డయ్యరే, ట్రిగ్గర్ నొక్కింది మాత్రం గూర్ఖాలు, ఇతర భారతీయ సిపాయిలు. న్యూవ్ షపెల్‌లో పోరాడిన సైన్యం, అమృత్‌సర్‌లో కాల్చిన సైన్యం రెండు కావు, ఒకటే. ఇది ఒప్పుకోకుండా కందకాల్లో చలికి వణికిన సిపాయి గురించి మాత్రం కన్నీళ్ళు పెట్టుకుంటే, ఆ బాగ్‌లో బావిలోకి దూకినవాళ్ళకు మనం ఏం చెప్పాలి? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

అయినా "కిరాయి" అనే మాటను ఆ రాళ్ళ మీద పెట్టడానికి నేను ఒప్పుకోను. జీతం కోసం చేరారన్నది నిజమే. కరువు, అప్పు, పంట లేని పొలం, ఇంటికి పంపే పది రూపాయలు, పెన్షన్ ఆశ. ఈ కారణాలతో ఉద్యోగంలో చేరడం నేరమైతే రైల్వేలో, పోస్టాఫీసులో, కలెక్టరాఫీసులో పనిచేసిన మన తాతలందరూ నేరస్థులే. వాళ్ళు తుపాకి పట్టలేదు కదా అంటారు. అవును, తేడా ఉంది. కానీ పన్ను వసూలు చేసే గుమాస్తా వెనక కూడా అదే తుపాకి ఉంది. గుమాస్తా పేరు ఊరి గుడి గోడ మీద దాతల జాబితాలో ఉన్నా మనం ఎవరం అభ్యంతరం చెప్పం.

ఇంతకంటే బలమైన కారణం నాకు చంద్ర సింగ్ గఢ్వాలీ కథలో దొరికింది. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధంగా ఉన్న ఖుదాయీ ఖిద్మత్‌గార్ల (గఫార్ ఖాన్ అనుచరుల) మీద కాల్చమంటే ఆయన, ఆయన తోటి సిపాయిలు కాల్చలేదు. కోర్టు మార్షల్ చేశారు, ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నారు. మన స్వాతంత్ర్య పోరాటంలో అంత గొప్ప క్షణాలు ఎన్నో లేవు. ఆ చంద్ర సింగ్ 1915లో ఇదే సైన్యంలో, గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిగా, ఫ్రాన్సు వెళ్ళినవాడు. అక్కడ గుండు తగిలి పోయి ఉంటే? పట్టుబడి, దగ్గు పట్టుకుని, ఈ పైన్ చెట్ల కింద 206 మంది పక్కన ఇంకొకడై ఉంటే? నూరేళ్ళ తర్వాత ఒక గ్రూపులో మనం ఆయన్ను కూడా తెల్లవాడి జీతగాడు అనేవాళ్ళం. పదిహేనేళ్ళు ఎక్కువ బతికాడు కాబట్టి ఆయనకు ఇంకో పని చేసే అవకాశం వచ్చింది. వీళ్ళకు రాలేదు. ఇరవై, ఇరవై రెండేళ్ళ దగ్గర ఆగిపోయిన మనిషి మొత్తం బతుకు మీద తీర్పు రాయడానికి మన దగ్గర సరిపడా కాగితాలు లేవు.

అందుకే జోహార్లు కూడా వద్దంటున్నాను. అదే లెక్క ఇటు వైపూ వర్తిస్తుంది. బతికి ఉంటే వీళ్ళలో ఒకడు 1919లో అమృత్‌సర్‌లో ట్రిగ్గర్ నొక్కి ఉండేవాడేమో. తెలియదు.

గౌరవం అనేది లేకపోతే శ్మశానం దేనికి అని నా భార్య అడిగింది. మంచి ప్రశ్న. నేను చెప్పే గౌరవం వేరు. ఇంట్లో పోయినవాళ్ళకు మనం గోత్రం, పేరు చెప్పి నీళ్ళు వదులుతాం. ఆయన మంచివాడా చెడ్డవాడా అని అప్పుడు ఎవరూ చర్చ పెట్టరు. తాగుబోతు మామయ్యకూ అదే మంత్రం, అదే పిండం.

రాయి కూడా దక్కనివాళ్ళు

"మన తెలుగువాళ్ళు అందులో లేరు కదా, నీకెందుకు ఇంత ఆరాటం?" అని ఇంకొకరు అడిగారు. ఫ్రాన్సు వెళ్ళిన దళాల్లో మనవాళ్ళు పెద్దగా లేకపోవడానికి కారణం ఉంది. 1880లలో మద్రాసు సేనాధిపతిగా, తర్వాత మొత్తం భారత సేనాధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ లాంటివాళ్ళు దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చేశారు. "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతంతో పంజాబ్, నేపాల్, సరిహద్దు ప్రాంతాల నుంచి చేర్చుకున్నారు, మద్రాసు పటాలాలను కుదించారు. ఒకప్పుడు కంపెనీ సైన్యానికి వెన్నెముకైన "తెలంగా" సిపాయి వాళ్ళ లెక్కలోంచి జారిపోయాడు. ఆ మాటకొస్తే ఎవరు వీరులో, ఎవరు కాదో పైనుంచి తేల్చే జబ్బు అప్పటిదే. మనం ఇప్పుడు గ్రూపుల్లో చేస్తున్నదీ దాని కొనసాగింపే.

కానీ యుద్ధం పెరిగేకొద్దీ మనుషులు చాలలేదు. మద్రాసు సాపర్స్ (వంతెనలు, రోడ్లు, కందకాల పని చేసే సిపాయిలు) కంపెనీలు మెసొపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు వెళ్ళాయి. వాళ్ళ వెనక కూలీలు, మోతగాళ్ళు, వంటవాళ్ళు, ఊడ్చేవాళ్ళు వెళ్ళారు. ఆ ఎడారిలో పోయి, సమాధి ఎక్కడో తెలియనివాళ్ళ కోసం కట్టింది బస్రా స్మారకం. 40 వేలమందికి పైగా లెక్క అది. ఆ గోడల మీద బ్రిటిష్ సైనికులందరి పేర్లూ ఉన్నాయి. భారతీయుల్లో ఆఫీసర్ల పేర్లు మాత్రమే ఉన్నాయి. మామూలు సిపాయిలకు రెజిమెంటు పేరు, దాని కింద "ఇంతమంది" అని ఒక అంకె. అంతే. ఆ స్మారకాన్ని కూడా 1997లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం మొదటి చోటు నుంచి పెకలించి బస్రా బయట ఎడారి రోడ్డు పక్కకు మార్చింది.

హోదా, జాతి, మతం తేడా లేకుండా అందరికీ సమానంగా గుర్తింపు అని చెప్పుకుని 1917లో పుట్టిన ఆ యుద్ధ సమాధుల కమిషనే ఈ పని చేసింది. 2021లో ఆ కమిషన్ తరఫునే వచ్చిన నివేదిక దీన్ని ఒప్పుకుంది. ముఖ్యంగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళ విషయంలో కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో గుర్తింపే లేకుండా పోయిందని అంచనా కట్టింది. అప్పటి గోల్డ్‌కోస్ట్ (ఇప్పటి ఘనా) గవర్నర్ గగ్గిస్‌బర్గ్ లాంటివాళ్ళు మామూలు నేటివ్‌కు సమాధి రాయి విలువ తెలియదన్న ధోరణిలో మాట్లాడిన సంగతి కూడా అందులో ఉంది. మా ఆఫీసు కుర్రాడు చలిలో నిలబడి వాళ్ళ నాన్నకు చేసిన ఫోన్ కాల్ ఆ గవర్నరుకు నేనిచ్చే జవాబు.

జెహ్రెన్స్‌డార్ఫ్ నాకు ముఖ్యం కావడానికి కారణం ఇదే. అక్కడ సంఖ్య చిన్నది. వాళ్ళు పోరాటంలో ఏ మలుపూ తిప్పలేదు. పెద్ద నాయకులు న్యూవ్ షపెల్ వెళ్ళి పూలు పెడతారు, ఇక్కడికి రారు. అయినా ఇక్కడ ప్రతి మనిషీ విడిగా ఉన్నాడు. అడవి పట్టిపోయిన నేలను మళ్ళీ శుభ్రం చేసి, ఒక్కో పేరూ నిలబెట్టారు. 206 మందికి చేయగలిగినది బస్రాలో ఎందుకు చేయలేదని అడగడానికి ఈ చిన్న శ్మశానమే నాకు ఆధారం. సమాధి దొరకకపోయినా పేరు దొరుకుతుందిగా. ఆ పేర్లు రిజిస్టర్లలో ఉన్నాయి.

"అది సామ్రాజ్యం పెట్టిన కమిషన్, దాన్ని అడుక్కోవడం ఏమిటి" అనే మాట కూడా విన్నాను. అడుక్కోవడం కాదు, లెక్క తేల్చమనడం. వాళ్ళు తీసుకెళ్ళారు, వాళ్ళ దగ్గర చిట్టా ఉంది. వాళ్ళు చేసే దాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని కూడా లేదు. కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా వెతకొచ్చు. చాలామంది భారతీయ సిపాయిల పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. పాత మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలతో, గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, కడప ఇలా వెతికితే మన ఊళ్ళు బయటపడతాయి. కాకపోతే ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ఇంటిపేరు ఒంటిపేరైంది, ఊరి పేరు సగం తెగింది. ఢిల్లీలోనో లండన్‌లోనో కూర్చున్న మనిషికి అది ఏ ఊరో తట్టదు. ఆ చుట్టుపక్కలవాళ్ళకు వెంటనే తడుతుంది.

నేను నెల్లూరు జిల్లాతో మొదలుపెట్టాను. ఊరి వారీగా, తెలుగు అక్షరాల్లో, తండ్రి పేరుతో సహా ఒక పట్టిక చేస్తున్నాను. బిరుదుల గడి, వ్యాఖ్యల గడి పెట్టలేదు. ఆఫీసర్లనీ మోతగాళ్ళనీ విడగొట్టలేదు, పోయిన తేదీ వరసలోనే పెడుతున్నాను. మిగతా జిల్లాలకు మనుషులు కావాలి. పాత తాలూకాల పేర్లు తెలిసినవాళ్ళు, ఊళ్ళో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగగలిగినవాళ్ళు ఏ జిల్లా తీసుకుంటారో నాకు రాయండి. ఒకే జిల్లాకు ఇద్దరున్నా మంచిదే, ఒకరు రాసింది ఇంకొకరు సరిచూడొచ్చు.